పెట్టెలో గోడ ఎక్కడుంది?

"గోడ ఎక్కడుంది నాయనా?"

స్వామి ఆ మాట అడిగినప్పుడు నేను ర్యాకు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. ఒళ్లో ల్యాప్‌టాపు, నోట్లో చిన్న టార్చి, మెడలో తాయెత్తులాగా లేతనీలం కన్సోల్ కేబులు. టార్చి తీస్తే గానీ జవాబు చెప్పలేను. తీసినాక కూడా చెప్పలేకపోయాను.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి ఉత్తర మాడవీధి దాటినాక ఒక సందులో ఉన్న చిన్న వేద పాఠశాల అది. కింద ఆఫీసు, పక్కన తాళపత్రాలు స్కాన్ చేసే గది, మేడ మీద పిల్లకాయల హాస్టలు. మేడ మీది చిన్న పెట్టెను వదిలేస్తే, అన్నింటికీ కలిపి 24 పోర్టుల స్విచ్చి ఒకటే. పొద్దున వచ్చి, ఎండ నడినెత్తికి రాకముందే ఆ ఒక్క స్విచ్చినీ నాలుగు నెట్‌వర్కులు చేశాను. "ఇంక ఒకరి గోల ఒకరికి పట్టదు స్వామీ, నాలుగూ వేరువేరు ఇళ్లనుకోండి" అన్నాను. ఆయన పంచె ఎగదోపుకుని, వంగి, కళ్లద్దాలు సర్దుకుని లోపలికి చూశారు. పొద్దున ఉన్న పెట్టే. పొద్దున ఉన్న వైర్లే. అవే పచ్చ లైట్లు. కొత్తగా ఒక్క మేకు కూడా కొట్టలేదు. అప్పుడడిగారు.

పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. లాడ్జీలు, కల్యాణ మండపాలు, నర్సింగ్ హోములు, కాలేజీలు. "ఎంతవుతుంది?" "ఎప్పటికైపోతుంది?" "మొన్న వచ్చినాయన ఇంకా తక్కువ చెప్పినాడే!" నేను వినే ప్రశ్నలు ఇవే. గోడ ఎక్కడుందని అడిగినవాళ్లు లేరు.

నన్ను పిలిపించింది మాత్రం వేదాంతానికి కాదు. శనివారం శనివారం స్వామి ఆన్‌లైన్లో రామానుజుల శ్రీభాష్యం చెబుతారు. ఆఫీసులో గోడకున్న పెద్ద టీవీలో శిష్యుల మొహాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. ఒక శనివారం అందులో జిజ్ఞాసాధికరణం అనే భాగం నడుస్తుండగా శిష్యులందరూ మాయమైపోయి టీవీలో ఐటం పాట మొదలైంది. మేడ మీద ఒక పిల్లకాయ ఫోనులో పాట చూస్తూ, పొరపాటునో పంతానికో, టీవీకి పంపే గుర్తు నొక్కాడు. వాడి ఫోనుకు దొరికిన టీవీ ఇదొక్కటే మరి. అమెరికాలో ఉన్న శిష్యుడొకాయన "స్వామీ, ఇది పూర్వపక్షమా, సిద్ధాంతమా?" అని అడిగాడట.

పిల్లకాయను ఏమీ అనొద్దన్నారు స్వామి. నా లెక్కలోనూ తప్పు వాడిది కాదు. అందరినీ ఒకే పందిట్లో కూర్చోబెట్టినవాడిది. ఆ పందిరి వేసింది నాకంటే ముందు వచ్చినతను. ఆ డబ్బులకు నేనైనా అదే వేసుండేవాణ్ని.

ఒక నెట్‌వర్కులో ఉన్న ప్రతి యంత్రమూ కేకలేస్తుంది. "ఫలానా చిరునామా ఎవరిది? ఉంటే పలకండి" అని. దానికి మా వాళ్లు ఏఆర్‌పీ అంటారు. కేక అందరి చెవిలోనూ పడుతుంది. ఎవరిదో వాళ్లు పలుకుతారు, మిగిలినవాళ్లు విని వదిలేస్తారు. "నేనిక్కడున్నా, నా మీద బొమ్మ వేసుకోవచ్చు" అని టీవీ కూడా ఇదే తీరున చాటుకుంటుంది. పదిమంది ఉంటే ఇబ్బంది లేదు. హాస్టలు ఫోన్లు, కెమెరాలు, ప్రింటర్లు, స్కానర్లు కలిసి వందైతే అది సంత.

మా తాత చేసిన పనీ ఇదే. చంద్రగిరి దాటి పాకాల పోయే దారిలో మా ఊరు. తాత ఆ ఊరికి వెట్టి. కరణం, మునసబు ఏం చెప్పమంటే అది పలక కొట్టి చెప్పేవాడు. రేపు శిస్తు, ఎల్లుండి చెరువు కట్ట పని, ఆ మరునాడు గంగమ్మ చాటింపు. ఊర్లో ప్రతి చెవికీ ఆయన గొంతు అందేది. గొంతు పోయిన వీధిలోకి ఆయన చెప్పులు పోగూడదు. చెప్పులు చంకలో ఇరికించుకుని పలక కొట్టేవాడని మా అవ్వ చెప్పేది. ఒక చంకలో చెప్పులు పెట్టుకుని పలక ఎట్లా కొట్టాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

స్వామికి నేను చెప్పిన జవాబు ఇది. స్విచ్చిని అట్టపెట్టెలోంచి తీసినప్పుడు పోర్టులన్నీ వీల్యాన్ 1 అనే ఒకే నెట్‌వర్కులో ఉంటాయి. పుట్టుకతో ఏ భేదమూ లేదు. భేదం మేం వచ్చి పెట్టేది. 1 నుంచి 8 దాకా పోర్టులు వీల్యాన్ 10, ఆఫీసు. 9 నుంచి 12 దాకా 20, తాళపత్రాలు. 13 నుంచి 16 దాకా 30, హాస్టలు వైఫై. 17 నుంచి 20 దాకా 40, మూడు కెమెరాలూ వాటి రికార్డరూ. అంతే, ఒక పట్టిక. 30లో ఎవరైనా కేకేస్తే స్విచ్చి ఆ పట్టిక చూసి 30లో ఉన్న పోర్టులకే వినిపిస్తుంది. మిగతావాటికి ఆ కేక పుట్టనట్టే.

"మరి మేడ మీద ఇంకో చిన్న పెట్టె ఉంది గదా, అక్కడికి ఒకటే తీగె పోతోంది. అందులో అందరి మాటా కలిసిపోదా?"

మంచి ప్రశ్న. ఇంటర్వ్యూల్లో కుర్రకారును నేనడిగే ప్రశ్న. ఆ తీగెను ట్రంకు అంటారు. ట్రంకు ఎక్కే ప్రతి ఫ్రేముకూ, అంటే ప్రతి మాటల మూటకూ, స్విచ్చి ఒక చీటీ కడుతుంది. పంపినవాడి చిరునామా అయిపోయిన చోట నాలుగు బైట్లు దూరుస్తుంది. అందులో సగం 'ఇది చీటీ ఉన్న ఫ్రేము' అని చెప్పడానికే పోతుంది. మూడు బిట్లు ఎవరికి ముందు దారి ఇవ్వాలో చెబుతాయి. ఒక బిట్టు, తొక్కిసలాట అయితే ఎవర్ని వదిలేసినా ఫరవాలేదో చెబుతుంది. మిగిలిన 12 బిట్లూ వీల్యాన్ నంబరు. పన్నెండు బిట్లతో 4096 అంకెలు రాయొచ్చు. మొదటిదీ చివరిదీ వాడకూడదు గనక 4094. ఐ ట్రిపుల్ ఈ వాళ్లు 1998లో 802.1క్యూ అని పేరు పెట్టి దీన్ని ప్రపంచానికంతా ఒకే పద్ధతి చేశారు. మన దేశం కులాల పట్టిక ముందు పెట్టుకుని కూర్చుని ఉంటే 12 బిట్లతో సరిపెట్టుకునేవాళ్లు కాదు.

అవతలి కొసలో, కంప్యూటరు చేతికి ఇచ్చే ముందు, స్విచ్చి ఆ చీటీ పీకేస్తుంది. ఇందులోని గమ్మత్తు అదే. కంప్యూటరుకు తన నంబరు ఎప్పటికీ తెలియదు. తాను 20లో ఉన్నానని తాళపత్రాల కంప్యూటరుకు ఎవరూ చెప్పరు. దాని లెక్కలో లోకమంతా ఆ నాలుగు పోర్టులే.

"ఆ కంప్యూటరు తీగె పీకి పదమూడో దాంట్లో పెడితే?"

"హాస్టలు వాడైపోతుంది స్వామీ."

"ఏమీ మారకుండానే?"

"దాంట్లో ఏమీ మారదు."

స్వామి కుర్చీలో కూలబడి నవ్వారు. "స్వరూపంలో లేదన్నమాట. స్థానంలో ఉంది."

మా జిల్లా గుర్తొచ్చింది నాకు. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొంత, కడప నుంచి కొంత తెచ్చి చిత్తూరు జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న దాన్ని చీల్చారు. ముందురోజు రాత్రి చిత్తూరు జిల్లాలో పడుకున్న మా అమ్మ పొద్దున తిరుపతి జిల్లాలో లేచింది. పాలు పోసేవాడు ఆ టైముకే వచ్చాడు. చీటీ మారింది, పోర్టు మారలేదు.

ఇక్కడి నుంచి మాట స్వామి చేతిలోకి పోయింది. అద్వైతి అయితే నీ గోడ మిథ్య అని తేల్చేస్తాడన్నారు. కుండలో ఆకాశం, మఠంలో ఆకాశం వేరుగా కనిపిస్తాయి. కుండ పగిలితే తెలుస్తుంది ఉన్నది ఒకటే ఆకాశమని. నీ పట్టిక చెరిపేస్తే అన్నీ వీల్యాన్ ఒకటే గదా. మధ్వులైతే భేదం నిత్యం, సత్యం అంటారు. చెరిపినా చెరగదంటారు. "మా రామానుజుల వారు నిన్ను ఒకటే అడుగుతారు. హాస్టలు వాడి కేక ఆఫీసుకు రాకుండా నిజంగా ఆగుతోందా, లేదా?"

"ఆగుతోంది."

"అయితే భేదం అబద్ధం కాదు. కానీ ఆ నాలుగూ వాటంతటవి నిలబడగలవా?"

జవాబుగా కరెంటు వైరు పీకి చూపించొచ్చు. పీకలేదు, పైన పిల్లకాయలకు పరీక్ష నడుస్తోంది. కానీ ఆయన అన్నది నిజం. గోడలున్నాయని మేం గొప్పగా చెబుతాంగానీ, 30లో ఎవడో ఒక తీగె రెండు కొసలూ తెచ్చి ఒకే స్విచ్చిలో గుచ్చితే, దాన్ని పట్టుకునే ఏర్పాటు మేం ఆన్ చేసి ఉండకపోతే, ఆ కేక తిరిగి తిరిగి ట్రంకు నిండిపోతుంది. అప్పుడు 10 మునుగుతుంది, 20 మునుగుతుంది, కెమెరాలు గుడ్డివవుతాయి. నంబర్లు వేరైనా తీగె ఒకటే. దేన్ని ఒక చేతనుడు పూర్తిగా ధరించి, నడిపించి, తన కోసమే ఉంచుకుంటాడో అది అతనికి శరీరం అన్నారట రామానుజులు. జీవులూ జడమూ అంతా ఈశ్వరుడికి శరీరం. చేయి చెవి కాదు, చెవి చేయి కాదు, రెండూ ఆ ఒక్కడివే. "నీ నాలుగు వీల్యాన్లూ ఈ పెట్టెకు శరీరమనుకో" అన్నారు.

వినడానికి బాగుంది. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. శరీరమంటే తల ఉంటుంది, కాలూ ఉంటుంది. నువ్వు కాలు అని ఎవరు రాశారో అడగాలనిపించింది. అడగలేదు. దాని బదులు మా నాయన గ్లాసు సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, స్విచ్చి ముందు ఎవరికీ చెప్పే కథ కాదు అది.

మా నాయన కాలానికి వెట్టి పోయింది. కరణం, మునసబు ఉద్యోగాలు కూడా 1984లో పోయినాయి. గ్లాసు పోలేదు. బస్సు ఆగేచోట ఒక టీ హోటలు. మా కాలనీ వాళ్లకు వేరే గాజు గ్లాసులు, వాసానికి కట్టిన ఇనుప తీగెకు బోర్లించి ఉండేవి. మనమే తీసుకోవాలి, తాగినాక మనమే కడిగి మళ్లీ బోర్లించాలి. నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. లోపల బల్ల మీదున్న స్టీలు గ్లాసు చూపించి అది కావాలన్నాను. మా నాయన ఏమీ అనలేదు. టీ సగంలో పెట్టేసి నా రెక్క పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాడు. ఆ హోటలుకు గోడల్లేవు. నాలుగు గుంజలు, పైన బోద కప్పు.

కంప్యూటరుకు తన నంబరు తెలియదని ఇందాక గమ్మత్తుగా చెప్పాను గదా. మా నాయనకు తెలుసు. ఆయన చీటీ ఎవరూ పీకి ఇవ్వలేదు. భేదాభేదాల మీద ఎన్ని ఉపమానాలు చెప్పుకున్నా ఈ ఒక్కచోట నా స్విచ్చి పనికిరాదు. యంత్రాన్ని ఏ పోర్టులో గుచ్చినా దానికి నొప్పి లేదు.

ఆ సమయానికే కాఫీ వచ్చింది. నాకు పేపరు కప్పులో. స్వామికి వెండి గ్లాసులో, ఆయన ఎత్తి పోసుకున్నారు. నేను కప్పు వైపు చూడటం ఆయన చూశారు. "కరోనా నాటి నుంచి వచ్చినవాళ్లందరికీ ఇవే నాయనా" అన్నారు. అయి ఉండొచ్చు. చెత్తబుట్టలో అలాంటి కప్పులు చాలానే కనిపించినాయి. పేపరు కప్పులో ఒక సుఖముంది, దాన్ని ఎవరూ కడగనక్కర్లేదు. ఒక కష్టమూ ఉంది, దాన్ని చూసి ఏదీ తేల్చుకోలేం.

కాసేపటికి ఆయనే అందుకున్నారు. భేదమంతా అవిద్య వల్ల అంటారు గదా అద్వైతులు, రామానుజులు ఆ అవిద్యకు ఏడు అనుపపత్తులు చూపించారట, అంటే ఏడు రకాలుగా అది పొసగదని. మొదటిది ఆశ్రయానుపపత్తి. సరే, ఆ అవిద్య ఎవరిది? ఎవరిలో ఉంది? జీవుడిలో అంటే, జీవుడే అవిద్య వల్ల వచ్చినవాడని మీరే అంటిరి. బ్రహ్మంలో అంటే, జ్ఞానమే తానైనదానికి అజ్ఞానమెక్కడిది? సినిమా పాట వచ్చిన శనివారం ఆయన చెబుతున్నది కూడా ఈ భాగమేనట.

నాకు ఆ సంస్కృతం పట్టుబడదుగానీ ప్రశ్న మాత్రం వెంటనే పట్టుబడింది. మేం కొత్త చోటికి పోతే మొట్టమొదట అడిగేది అదే. కాన్ఫిగరేషన్ ఎవరు రాశారు? పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది? "ముందున్నాయన పెట్టినాడు, ఆయన బెంగుళూరు పోయినాడు" అంటారు. పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. ఎందుకు పెట్టాడో తెలియదు గనక తీయడానికి భయం. టీ హోటలాయన్ని అడిగితే ఊరి కట్టుబాటన్నాడు. ఊరిని అడిగితే పెద్దల నాటిదన్నారు. పెద్దలు శాస్త్రమన్నారు. శాస్త్రం చదివిన పెద్దాయన నా ఎదురుగా కూర్చుని ఉన్నారు.

"మీరే చెప్పండి స్వామీ. ఆ గ్లాసు ఎవరి అవిద్య?"

ఆయన వెంటనే మాట్లాడలేదు. తిరుక్కోష్టియూరు కథ ఎత్తుకుంటారనుకున్నాను. గురువు రహస్యమని చెప్పిన మంత్రాన్ని రామానుజులు గోపురమెక్కి ఊరందరికీ చెప్పేశారన్నది అందరికీ తెలిసిన కథే. మా భాషలో అది అన్ని వీల్యాన్లకూ ఒకేసారి వేసిన కేక. స్వామి ఎత్తుకున్నారుగానీ వేరే కొస నుంచి. "ఆయన ఎక్కి చెప్పారు. మేం ఆయన ఎక్కారని వెయ్యేళ్లుగా చెప్పుకుంటున్నాం. ఎక్కింది ఆయనొక్కడే." అంతకంటే ఏమీ అనలేదు. నాకు అది చాలు.

ఈ పనిలో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆయనకు ఆ రోజే చెప్పాను. ఊర్లో ఒక ఆసుపత్రిలో కొత్త కెమెరాల కోసం ట్రంకులోకి వీల్యాన్ 40ని ఎక్కించాలి. అప్పటికే అందులో ఓపీ, ల్యాబు, మందుల షాపు నంబర్లు నడుస్తున్నాయి. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 40' అని కొట్టాలి. నేను 'యాడ్' మరిచిపోయాను. ఆ మాట ఉంటే 'నలభైని కూడా రానీ' అని. లేకపోతే 'నలభైని మాత్రమే రానీ' అని. స్విచ్చి చెప్పింది చెప్పినట్టు చేసింది. మిగతా నంబర్లన్నీ ఒక్క క్షణంలో బయటికి పోయాయి. నా ముందున్న ల్యాప్‌టాపు కూడా ఆ ట్రంకు మీదుగానే మాట్లాడుతోంది గనక నన్నూ బయటికి తోసేసింది. సరిచేయడానికి నాకే దారి లేదు.

పొద్దున పదిన్నర. కింద ఓపీలో జనం బారులు తీరి ఉన్నారు. పేరు రాయడానికి లేదు, బిల్లు లేదు, రిపోర్టు లేదు. స్విచ్చికి నేరుగా గుచ్చే కన్సోల్ కేబులు పట్టుకుని మూడు అంతస్తులు మెట్ల మీద పరుగెత్తాను. ఒక ముసలామె టోకెను చేతిలో పెట్టుకుని "ఏమప్పా, యాడికట్లా పరిగెత్తతావుండావు, ఎవురికేమైంది?" అంది. ఏమని చెప్పను? సరి చేసేసరికి పదకొండు నిమిషాలు. మెడలో కన్సోల్ కేబులు వేసుకునే అలవాటు ఆనాటిది.

స్వామి ఈ కథను గ్లాసు కథకంటే శ్రద్ధగా విన్నారేమో అనిపించింది. "'అపి' పెట్టాల్సిన చోట 'ఏవ' పడింది" అన్నారు. అపి అంటే కూడా. ఏవ అంటే మాత్రమే. ఏవకారం వల్ల ఎన్ని మతాలు విడిపోయినాయో లెక్క చెప్పలేనన్నారు. మా దేవుడూ గతే అనేవాడితో కలిసి బతకొచ్చు, మా దేవుడే గతి అనేవాడితో కష్టం, అని ఆయనే అనేసి, మళ్లీ ఆయనే "మేమూ ఏవకారం వాళ్లమేలే" అని నవ్వారు.

వేరు చేసినంత మాత్రాన మా పని అయిపోదు. స్కాన్ చేసిన తాళపత్రం 20 నుంచి ఆఫీసుకు, అంటే 10కి, పోవాలి. స్విచ్చి పట్టిక దాన్ని ఒప్పుకోదు. దానికి గేట్‌వే కావాలి. ఒక రౌటరును తెచ్చి ప్రతి వీల్యాన్‌లోనూ దానికొక చిరునామా ఇస్తాం. మా వాడుకలో దానిది ఎప్పుడూ ఒకటో నంబరు. 192.168.10.1 అదే, 20.1 అదే, 30.1 అదే. ప్రతి ఇంట్లోనూ ఇంటివాడిలాగా ఉంటుంది, ఏ ఒక్క ఇంటిదీ కాదు. స్వామి చప్పట్లు కొట్టినంత పని చేశారు. "అంతర్యామి!" అన్నారు. నేనైతే గడప అనుకుంటాను.

గడప సంగతి మా ఊరివాళ్లకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. తిరుమలలో సర్వదర్శనం, 300 రూపాయల దర్శనం, బ్రేక్ దర్శనం, చంటిబిడ్డల తల్లులు, ముసలివాళ్లు, వరుసలు ఎన్ని పెట్టినా అన్నీ పోయేది బంగారు వాకిలికే. లోపల గర్భగుడి గడప పేరు కులశేఖర పడి. వేంకటాద్రి మీద ఏదో ఒకటిగా పడి ఉంటే చాలని, గడప అయినా చాలని కోరుకున్న ఆళ్వారు రాజు పేరు అది. రోజూ చేసే ప్రసాదాలన్నీ ఆ గడప ఇవతలే ఆగిపోతాయనీ, కొత్త మట్టి ఓడులో పెట్టిన దద్దోజనం ఒక్కటే దాటుతుందనీ చెబుతారు. మట్టి పూలతో పూజ చేసిన కుమ్మరి భీముడి పేరు మీద. బంగారు పళ్లెం ఆగి మట్టి పెంకు దాటే గడపను మా భాషలో యాక్సెస్ లిస్టు అంటాం, కానీ ఇంత అందమైన లిస్టు నేనెప్పుడూ రాయలేదు.

స్వామి ఆముక్తమాల్యద ఎత్తారు. మాలదాసరి బ్రహ్మరాక్షసుణ్ని కూడా గట్టెక్కించాడు చూడు, రాయలవారు అంతటి భక్తుణ్ని ఏ కులంలో పెట్టారో చూడు అన్నారు. చూశాను. దాసరి పాడింది గుడి బయట నిలబడి. రాయలవారి విగ్రహం ఇద్దరు దేవేరులతో కలిసి తిరుమల గుడి లోపల చేతులు జోడించుకుని ఉంది. ఈ మాట పైకే అన్నాను. స్వామి "ఊఁ" అన్నారు.

మాకు గీతలు చెరిగే వారం కూడా ఒకటుంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. తిరుపతిలో కాపురం పెట్టిన కొత్తల్లో, మా ఇంటావిడ మొక్కుకుందని నేనూ వేషం కట్టాను. బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. రోజుకొకటి. తోటి అంటే ఊరి పనివాడు, అంటే మా తాత. ఆ రోజు నా పక్కన ఒళ్లంతా బొగ్గు పూసుకుని వేపమండ పట్టుకుని నడిచినాయన బట్టల కొట్టు ఓనరు. మర్నాడు ఆయనా దొరే, నేనూ దొరే, ఇద్దరి మీదా ఒకే చందనం. ఆ వారం రోజులూ మా ఊర్లో ఎవరిని ఏ పోర్టులోనైనా గుచ్చొచ్చు. అమ్మ ఒప్పుకుంటుంది. ఆయన సాయంత్రం నీళ్లు పోసుకుంటే తోటితనం కాలవలో పోయింది. మా తాత కూడా రోజూ నీళ్లు పోసుకునేవాడు.

అందుకే భేదం సత్యమా, మిథ్యా అన్న వాదం నాకు రెండో ప్రశ్నగా కనిపిస్తుంది. గీత గీసి నేను అన్నం తింటున్నాను, గీతలే వద్దని నేను చెబితే అబద్ధం. పిల్లకాయల పాటకూ శ్రీభాష్యానికీ మధ్య గీత ఉండాల్సిందే. కానీ నేను గీసిన ప్రతి వీల్యాన్‌కూ ఒక పేరు రాస్తాను, ప్రతి పోర్టు కింద డిస్క్రిప్షన్‌లో ఎందుకు, ఏ రోజు, ఎవరు చెబితే అని రాస్తాను. పని అయిపోయినాక పాస్‌వర్డు కవరులో పెట్టి యజమాని చేతికిస్తాను. చెరపాలనుకుంటే నేను లేకపోయినా చెరుపుకోవచ్చు. రామానుజులు అడిగిన 'ఎవరిది' అన్న ప్రశ్నకు నా స్విచ్చిలో జవాబు దొరుకుతుంది. ఊరి గీతకు ఆ జవాబు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

కవరు ఇచ్చి లేవబోతుంటే స్వామి తెర మీది పట్టికలో చివరి వరుస చూపించారు. "10, 20, 30, 40 చెప్పావు. ఈ 999 ఏమిటి?"

21 నుంచి 24 దాకా ఖాళీ పోర్టులు. ఎవరూ వాడని పోర్టులను వీల్యాన్ 1లో వదిలేయకూడదు, దారినపోయేవాడెవడైనా వచ్చి తీగె గుచ్చొచ్చు. అందుకని ఏ పనీ లేని నంబరొకటి పెట్టి, అందులో పడేసి, షట్‌డౌన్ చేస్తాం. ఈ పని తెలిసినవాడెవడైనా అదే చేస్తాడు. పుస్తకాల్లోనూ అదే ఉంటుంది.

"దానికి గేట్‌వే?"

"లేదు స్వామీ."

"ఎవరికీ వినపడదా?"

"వినపడదు."

"ఊరి బయట పెట్టావన్నమాట."

పద్దెనిమిదేళ్లుగా ప్రతి స్విచ్చిలో నా చేతులతో నేనే చేస్తున్న పని. తెర వైపు చూస్తూ ఉండిపోయాను. అది రక్షణ కోసం, ఖాళీ పోర్టులో మనిషి ఉండడు, అవసరమైన రోజు బయటికి తీస్తాం, ఇవన్నీ చెప్పాను. అన్నీ నిజాలే. "కొన్నాళ్లకే అనుకుని పెట్టినవే అన్నీ" అన్నారాయన. బయటికి వచ్చేముందు మళ్లీ కూర్చుని ఆ నాలుగు పోర్టుల డిస్క్రిప్షన్‌లో 'ఖాళీ, అడిగితే ఇవ్వాలి' అని రాసి సేవ్ చేశాను.

పోయిన నెల మళ్లీ పోయాను. తాళపత్రాల గదిలోకి రెండో స్కానరు వచ్చింది. 21ని 999 నుంచి తీసి 20లో పెట్టాను. కాఫీ ఈసారీ పేపరు కప్పులోనే వచ్చింది. 999లో ఇంకా మూడున్నాయి.